ఎక్లిప్సా, నెట్‌బీన్సా, నోట్‌ప్యాడా: జావా ల్యాబ్‌కు మీరు ఏది వాడుతున్నారు?

బత్తాయి_తోట
నల్లగొండ · ఆదివారం సాయంత్రం 6.10

అందరికీ నమస్తే. నేను నల్లగొండలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, సీఎస్‌ఈ. ఈ సెమిస్టర్‌లోనే జావా మొదలైంది. ల్యాబ్ సిస్టమ్స్‌లో ఎక్లిప్స్ ఉంది, అంటే ప్రోగ్రాం రాసి, కంపైల్ చేసి, నడిపే ఐడీఈ సాఫ్ట్‌వేర్. నెట్‌బీన్స్, ఇంటెల్లిజే కూడా అలాంటివే. థియరీ చెప్పే సారేమో "నోట్‌ప్యాడ్‌లో రాయండి, కమాండ్ ప్రాంప్ట్‌లో నడపండి, ఎక్లిప్స్‌కు అలవాటు పడితే పరీక్షలో ఒక్క లైను సొంతంగా రాయలేరు" అంటారు. హాస్టల్‌లో సీనియర్ అక్కలు ఇంటెల్లిజే ఉండగా ఎక్లిప్స్ ఎందుకే అని నవ్వుతారు.

నా దగ్గరున్నది మా అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. ఎక్లిప్స్ మీద నొక్కి, వెళ్లి ముఖం కడుక్కుని వస్తే అప్పటికి తెరుచుకుంటుంది. ఇంటెల్లిజే వేసి చూస్తే మౌస్ కూడా కదల్లేదు.

ఇంకో సంగతి. మా నాన్న బత్తాయి అమ్మకాల లెక్క కోసం చిన్న ప్రోగ్రాం రాస్తున్నా. ల్యాబ్‌లో బాగానే నడుస్తుంది. అదే పెన్ డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే ఎర్రర్. "క్లాస్ ఫైల్ వెర్షన్ 61.0" అని, ఇంకా "52.0 వరకే" అని ఏదో అంటుంది. మీరు ఏం వాడుతున్నారో, ఎందుకో చెప్పండి.

పాలమూరు_కంపైలర్
మహబూబ్‌నగర్ · ఆదివారం సాయంత్రం 6.42

ముందు ఆ ఎర్రర్ సంగతి. 52 అంటే జావా 8. 61 అంటే జావా 17. ల్యాబ్‌లో 17 ఉంది, మీ అన్నయ్య ఎప్పుడో వేసిన 8 ఇంట్లో ఉంది. మనం రాసేది డాట్ జావా ఫైల్, దాన్ని కంపైల్ చేస్తే జావా నడపగలిగే డాట్ క్లాస్ ఫైల్ వస్తుంది. కొత్త జావాతో కంపైల్ చేసిన డాట్ క్లాస్ ఫైల్‌ను పాత జావా నడపదు. పెన్ డ్రైవ్‌లో డాట్ క్లాస్ ఫైళ్లు మోసుకు రావద్దు, డాట్ జావా ఫైల్ తెచ్చుకుని ఇంట్లో మళ్లీ కంపైల్ చేయి. ఇంకా మంచిది, ఇంట్లో కూడా 17 వేసుకో. వేసినంక పాత్‌లో, అంటే విండోస్ ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో, పాత 8 అడ్రస్ ఇంకా ముందు ఉందేమో చూసుకో, ఉంటే "జావా మైనస్ వెర్షన్" కొడితే మళ్లీ 8 అనే చెప్తది.

4 జీబీ మీద నేను మూడేళ్లు లాగించా. ఎక్లిప్స్ డౌన్‌లోడ్ పేజీలో చాలా రకాలుంటాయి, మనం చూడాల్సినవి రెండు: ఒకటి జావా డెవలపర్స్‌కి, ఇంకోటి ఎంటర్‌ప్రైజ్, వెబ్ వాళ్లకి. చాలామంది పెద్దది అయితే మంచిదేమోనని రెండోది దించుకుంటారు. మనకు ల్యాబ్ ప్రోగ్రాములకు మొదటిది చాలు, అది తేలిక. ప్రాజెక్ట్ మెనూలో "బిల్డ్ ఆటోమేటికల్లీ" తీసేస్తే టైప్ చేస్తుంటే ఆగి ఆగి నడవడం తగ్గుతుంది. అవసరం లేని ప్రాజెక్టుల మీద రైట్ క్లిక్ చేసి క్లోజ్ ప్రాజెక్ట్ కొట్టు. క్రోమ్ మూసేయి. క్రోమ్, ఎక్లిప్స్ రెండూ 4 జీబీలో పట్టవు.

డబ్బులుంటే మాత్రం ముందు ఆ పాత హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ తర్వాత.

సెమికోలన్_మర్చిపోయా
నకిరేకల్ · ఆదివారం రాత్రి 7.15

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ జిందాబాద్. నా మాట మీద నిలబడతా.

మిర్యాలగూడ_టు_మాదాపూర్
హైదరాబాద్ · ఆదివారం రాత్రి 9.30

చెల్లీ, నేను మిర్యాలగూడ నుంచే. ఇప్పుడు మాదాపూర్‌లో జావా మీదే ఉద్యోగం. ఒకటి గమనించు: జేఎన్టీయూహెచ్ జావా ల్యాబ్ సిలబస్‌లో మొట్టమొదటి ప్రయోగమే ఎక్లిప్స్ లేదా నెట్‌బీన్స్ తెరిచి మెనూలు చూడమని. ఒక టెస్ట్ ప్రాజెక్ట్ చేయమంటుంది, ఆటో సజెషన్లు ఎట్లా వస్తాయో చూడమంటుంది, కోడ్ ఫార్మాటర్ వాడమంటుంది, వేరియబుళ్ల పేర్లు రీఫ్యాక్టరింగ్‌తో మార్చమంటుంది. చివర్లో, పది పదిహేను లైన్ల ప్రోగ్రాం, అందులో ఒక ఇఫ్ ఎల్స్, ఒక ఫర్ లూప్ పెట్టి డీబగ్గర్‌లో, అంటే ప్రోగ్రాంను మధ్యలో ఆపి లోపల చూపించే దాంట్లో, ఒక్కో అడుగు నడిపించమంటుంది. రికార్డులో మనమేం రాస్తాం? నాలుగు స్క్రీన్‌షాట్లు అంటించి "ఎక్లిప్స్ పరిచయం" అని హెడ్డింగ్ పెట్టి సంతకం చేయించుకుంటాం. మొత్తం ల్యాబ్‌లో ఉద్యోగానికి పనికొచ్చే ప్రయోగం అదొక్కటే అని నా అభిప్రాయం, దాన్నే ఎవరూ చేయరు.

మీ సార్ చెప్పిన దాంట్లో కూడా విషయం ఉంది. ఎక్లిప్స్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కితే వెనకాల నాలుగైదు పనులు జరుగుతాయి. నీ ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌లో ఉన్న డాట్ జావా ఫైల్ కంపైల్ అయి బిన్ ఫోల్డర్‌లో డాట్ క్లాస్‌గా పడుతుంది. క్లాస్‌పాత్ అంటే ఏ ఫోల్డర్లలో, ఏ జార్ ఫైళ్లలో (క్లాస్ ఫైళ్లను మూటగట్టిన ఫైళ్లు) వెతకాలో జావాకు చెప్పే జాబితా. దాన్ని ఎక్లిప్సే రాసి ఇస్తుంది. పైన "ప్యాకేజ్" లైను ఉంటే ఆ పేరుతో ఫోల్డర్ కూడా తనే చేస్తుంది. నువ్వు అదే ఫైల్‌ను డెస్క్‌టాప్ మీదికి తెచ్చి కమాండ్ ప్రాంప్ట్‌లో నడిపితే "కుడ్ నాట్ ఫైండ్ ఆర్ లోడ్ మెయిన్ క్లాస్" అంటుంది. పిల్లలు కోడ్ తప్పేమోనని గంటసేపు కోడ్ చదువుతారు. కోడ్‌లో ఏమీ ఉండదు, ప్యాకేజ్ లైనుకు తగ్గ ఫోల్డర్ లేదు, అంతే.

కాబట్టి రెండు మూడు వారాలు నోట్‌ప్యాడ్, కంపైల్ చేసే జావాసి కమాండ్, నడిపే జావా కమాండ్. ప్యాకేజ్ ఉన్న ప్రోగ్రాం ఒకటి, రెండు క్లాసులున్నది ఒకటి, జార్ కావాల్సింది ఒకటి చేత్తో నడుపు. ఆ తర్వాత హాయిగా ఎక్లిప్స్‌లోకి వెళ్లు. సెమిస్టరంతా నోట్‌ప్యాడ్‌లోనే ఉండమంటే మాత్రం నేను ఒప్పుకోను.

బత్తాయి_తోట
నల్లగొండ · ఆదివారం రాత్రి 10.05

థాంక్స్ అన్నా. పాలమూరు అన్నా, ఇంట్లో 17 వేశా, ఇప్పుడు నడుస్తోంది.

ఇంకో డౌట్. రేట్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టా. ఆ ఫైల్ నా జావా ఫైల్ పక్కనే ఎస్‌ఆర్‌సీలో ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ ఫోల్డర్ నుంచే నడిపితే చదువుతుంది. ఎక్లిప్స్‌లో మాత్రం "ఫైల్ నాట్ ఫౌండ్". కళ్ల ముందే ఉంది కదా!

మిర్యాలగూడ_టు_మాదాపూర్
హైదరాబాద్ · ఆదివారం రాత్రి 10.11

ఎక్లిప్స్ నీ ప్రోగ్రామ్‌ను ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో నిలబడి నడుపుతుంది, ఎస్‌ఆర్‌సీలో కాదు. ఫైల్‌ను ఒక మెట్టు పైకి జరుపు, ఎస్‌ఆర్‌సీ, బిన్ కనపడే చోటికి. అనుమానంగా ఉంటే "సిస్టమ్ గెట్ ప్రాపర్టీ"కి "యూజర్ డాట్ డిఐఆర్" అని ఇచ్చి ప్రింట్ చేయి, తను ఎక్కడుందో తనే చెప్తుంది. టేబుల్ డాట్ టిఎక్స్‌టి చదివి గ్రిడ్ లేఅవుట్‌లో లేబుల్స్‌గా చూపించే ల్యాబ్ ప్రోగ్రాం ఉంది చూడు, క్లాసులో సగం మంది దాని దగ్గర ఆగేది ఇందుకే. సీ డ్రైవ్ నుంచి పూర్తి అడ్రస్ రాసేసి తప్పించుకుంటారు. పరీక్ష రోజు వేరే సిస్టమ్ ఇస్తే మళ్లీ మొదటికి.

వనపర్తి_మేడమ్
వనపర్తి · సోమవారం మధ్యాహ్నం 1.20

నేను డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. మా పిల్లల్లో ఎక్కువ మంది ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు తక్కువ. ఇక్కడ ఎవరూ బ్లూజే పేరెత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది.

ఎక్లిప్స్ మొదటిసారి తెరిచిన పిల్లకు ఏం కనిపిస్తుందో ఆలోచించండి. "వర్క్‌స్పేస్ ఎక్కడ" అని ప్రశ్న. తర్వాత వెల్‌కమ్ పేజీ. ప్యాకేజ్ ఎక్స్‌ప్లోరర్, అవుట్‌లైన్, ప్రాబ్లమ్స్, కన్సోల్. ఇంకా ఒక్క అక్షరం రాయలేదు. బ్లూజేలో ఖాళీ తెల్ల కాగితం లాంటి స్క్రీన్, ఎడమవైపు "న్యూ క్లాస్" బటన్. క్లాస్ ఒక పెట్టెలా కనిపిస్తుంది. కంపైల్ కాకపోతే ఆ పెట్టె మీద గీతలు పడి ఉంటాయి, కంపైల్ అయితే గీతలు పోతాయి. పెట్టె మీద రైట్ క్లిక్ చేస్తే "న్యూ" అని వస్తుంది. నొక్కితే కింద ఆబ్జెక్ట్ బెంచ్ మీద ఎర్రటి ఆబ్జెక్ట్ వచ్చి కూర్చుంటుంది. మళ్లీ నొక్కితే ఇంకోటి.

ఇది నా క్లాసులో ఎట్లా పనిచేస్తుందో చెప్తాను. "విద్యార్థి" అని క్లాస్ రాయిస్తాను, పేరు, మార్కులు రెండే ఫీల్డులు. రెండు ఆబ్జెక్టులు చేయించి, ఒకదాని మీద డబుల్ క్లిక్ చేసి లోపలి విలువలు చూడమంటాను. మొదటి దాని మార్కులు మార్చి, రెండో దాన్ని తెరవమంటాను. "మేడమ్, ఇందులో మారలేదు!" అంటారు. క్లాస్ ఒకటి, ఆబ్జెక్టులు వేర్వేరు అన్న ముక్క బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కుతుంది. మెయిన్ మెథడ్ లేకుండానే ఇదంతా చేయొచ్చు. "పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్" అంటే ఏమిటో చెప్పకుండా మొదటి రోజే దాన్ని బట్టీ పట్టించాల్సిన పని లేదు.

బ్లూజేను మైకేల్ కోలింగ్, జాన్ రోసెన్‌బర్గ్ ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీలో తయారు చేశారు, నేర్చుకునేవాళ్ల కోసమే. ఉచితం. దానితోపాటే జావా కూడా వస్తుంది కాబట్టి పాత్ సెట్ చేసే బాధ లేదు.

దీనికి హద్దు కూడా ఉంది. ఆరేడు క్లాసులు దాటి, డేటాబేస్ వచ్చిందంటే దీంతో పని కాదు. ఎక్లిప్స్ చూపించినన్ని సజెషన్లు, సవరణలు ఇందులో రావు. నేను మొదటి రెండు యూనిట్లూ దీని మీద చెప్పి, ఒక క్లాస్ నుంచి ఇంకో క్లాస్ చేసే ఇన్‌హెరిటెన్స్ పాఠం తర్వాత మారుస్తాను.

పాలమూరు_కంపైలర్
మహబూబ్‌నగర్ · సోమవారం మధ్యాహ్నం 2.02

మేడమ్, ఏమనుకోవద్దు. బ్లూజే ఐసీఎస్‌ఈ స్కూల్ పిల్లలది కదా. బీటెక్ పిల్లలు ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో బ్లూజే వాడా అంటే బాగుంటుందా?

వనపర్తి_మేడమ్
వనపర్తి · సోమవారం మధ్యాహ్నం 2.30

ఇంటర్వ్యూలో ఎవరూ ఏ ఐడీఈ అని అడిగి ఉద్యోగం ఇవ్వరు నాయనా. క్లాస్‌కు, ఆబ్జెక్ట్‌కు తేడా అడుగుతారు.

దేవరకొండ_డేటాప్యాక్
దేవరకొండ · సోమవారం సాయంత్రం 5.50

ల్యాప్‌టాప్ లేనివాళ్ల గురించి కూడా రాయండి. నేను డిగ్రీ ఫైనలియర్. కాలేజీలో తప్ప కంప్యూటర్ ముట్టేది లేదు. ఊర్లో ఉన్నప్పుడు ఫోన్‌లో జెవిడ్రాయిడ్ యాప్ వాడతా, నెట్ లేకున్నా కంపైల్ అవుతుంది. అక్షరాలు మాత్రమే చూపించే కన్సోల్ ప్రోగ్రాములకు బాగానే ఉంటుంది. జావాలో విండోలు, బటన్లు చేసే స్వింగ్ మాత్రం రాదు. ఫోన్ కీబోర్డ్‌లో కర్లీ బ్రాకెట్లు వెతికి వెతికి బొటనవేలు నొప్పి పుడుతుంది, కానీ సింటాక్స్ మాత్రం చేతికి ఎక్కుతుంది. కాలేజీకి వెళ్లినరోజు ఆ ఫైళ్లనే ఎక్లిప్స్‌లో పెట్టుకుంటా.

గద్వాల_స్వింగ్
గద్వాల · సోమవారం రాత్రి 8.15

డిప్లొమా నుంచి వచ్చా. నా ఓటు నెట్‌బీన్స్‌కే. ఎందుకంటే విండోలు, బటన్లు, టేబుల్స్ చేయాలంటే దాన్ని మించింది లేదు. క్యాలిక్యులేటర్, ట్రాఫిక్ లైట్ ప్రోగ్రాములను బటన్లు లాగి పడేసి అరగంటలో ముగించొచ్చు. అసలు నెట్‌బీన్స్ పుట్టిందే స్టూడెంట్ ప్రాజెక్టుగా, 1996లో ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీలో. తర్వాత సన్ కంపెనీ కొన్నది, ఆ తర్వాత ఒరాకిల్, ఇప్పుడు అపాచీ వాళ్ల దగ్గర ఉంది. స్టూడెంట్లు చేసిందే స్టూడెంట్లకు పనికొస్తుంది అని మా బ్యాచ్‌లో డైలాగ్.

దాంతో పడ్డ తిప్పలు కూడా చెప్తా. కొత్త ప్రాజెక్ట్ అనగానే ప్రాజెక్ట్ కట్టే పద్ధతుల్లో మేవెన్ ముందు కనిపిస్తుంది. అది ఎంచుకుంటే మొదటిసారి నెట్ నుంచి ఏవేవో దించుకోవాలి. మా ల్యాబ్‌లో నెట్ ఉండదు, అక్కడే తిరుగుతూ ఉంటుంది. "జావా విత్ యాంట్" ఎంచుకుంటే నెట్ అక్కర్లేదు.

రెండోది, డిజైన్‌లో బటన్ పెట్టగానే సోర్స్‌లో బూడిద రంగులో కోడ్ వస్తుంది. దాన్ని మనం మార్చలేం, కర్సర్ పెట్టి కొట్టినా ఒక్క అక్షరం పడదు. చాలామంది కీబోర్డ్ పాడైందనుకుంటారు! అది నెట్‌బీన్స్ తనకోసం దాచుకున్న భాగం. మార్చాలంటే ప్రాపర్టీస్‌లోకి వెళ్లి కోడ్ ట్యాబ్‌లో రాయాలి. ఇంకా, ప్రతి ఫ్రేమ్‌కు, అంటే విండోకు, డాట్ జావాతో పాటు డాట్ ఫామ్ అని ఇంకో ఫైల్ ఉంటుంది. ఫ్రెండ్‌కు డాట్ జావా ఒక్కటే పంపితే వాడికి డిజైన్ ట్యాబ్ రాదు. రెండూ పంపాలి.

మా ఫ్రెండ్‌కు వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ "ఈ బటన్ ఫ్రేమ్ మీదికి ఎట్లా వచ్చింది, యాడ్ మెథడ్ ఎక్కడుంది చూపించు" అన్నారు. వాడు డిజైన్ ట్యాబ్ చూపించాడు. సార్ రికార్డు మూసేశారు. అందుకని ఒక్కసారైనా ఆ బూడిద కోడ్ తెరిచి చదవండి.

బత్తాయి_తోట
నల్లగొండ · సోమవారం రాత్రి 9.05

గద్వాల అన్న మాట విని నాన్న లెక్కకు కూడా విండో పెడదామని ఎక్లిప్స్‌లో జేఫ్రేమ్ రాశా. "ది టైప్ జావాఎక్స్ స్వింగ్ జేఫ్రేమ్ ఈజ్ నాట్ యాక్సెసిబుల్" అని ఎర్ర గీత. ఇంపోర్ట్ సరిగ్గానే ఉంది.

పైగా అసలు లెక్కే తేడా కొడుతోంది. ల్యాబ్‌లో 2000 కిలోలు, 3000 కిలోలు వేసి చూస్తే సరిగ్గా వచ్చింది. ఇంట్లో నాన్న 1850 వేశారు. టన్ను ధర ఊరికే 20,000 అని పెట్టా. 20,000 రూపాయలే చూపిస్తోంది. 37,000 రావాలి. "ఇదేం కంప్యూటరే, దళారీ కంటే ఘోరంగా ఉంది" అన్నారు.

సెమికోలన్_మర్చిపోయా
నకిరేకల్ · సోమవారం రాత్రి 9.09

మీ నాన్నగారికి దండం 😂

పాలమూరు_కంపైలర్
మహబూబ్‌నగర్ · సోమవారం రాత్రి 9.20

ఎర్ర గీతకు: ప్రాజెక్ట్ చేసేటప్పుడు "మాడ్యూల్ ఇన్ఫో ఫైల్ చేయాలా" అని ఒక టిక్ ఉంటుంది, నువ్వు అట్లాగే ఉంచేసి ఉంటావు. జావా 9 నుంచి మాడ్యూల్స్ వచ్చాయి. ఆ ఫైల్ ఉందంటే, నీకు కావాల్సిన మాడ్యూల్స్ అన్నీ అందులో రాయాలి. స్వింగ్ ఉండేది జావా డాట్ డెస్క్‌టాప్‌లో. ల్యాబ్ స్థాయికి అది అక్కర్లేదు, ఎస్‌ఆర్‌సీలో ఉన్న మాడ్యూల్ ఇన్ఫో డాట్ జావా డిలీట్ చేసేయి. రేపు మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ కనెక్ట్ చేసేటప్పుడు కూడా ఇదే తలనొప్పి వస్తుంది. దానికి కావాల్సిన జార్‌ను ప్రాజెక్ట్ లోపల లిబ్ అని ఫోల్డర్ చేసి అందులో పెట్టి, క్లాస్‌పాత్ కింద చేర్చు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి చేరిస్తే ల్యాబ్‌కు వెళ్లినప్పుడు జార్ కనిపించదు.

లెక్క సంగతి మాదాపూర్ అన్న చూస్తాడు.

మిర్యాలగూడ_టు_మాదాపూర్
హైదరాబాద్ · సోమవారం రాత్రి 10.40

చూస్తా, కానీ జవాబు చెప్పను. నువ్వే పట్టుకోవాలి. సిలబస్‌లోని ఆ మొదటి ప్రయోగం ఇప్పుడు చేద్దాం.

టన్నులు లెక్క కట్టే లైను పక్కన, ఎడమ అంచున ఉన్న సన్నటి పట్టీ మీద డబుల్ క్లిక్ చేయి. నీలం చుక్క పడుతుంది, అది బ్రేక్‌పాయింట్. ఇప్పుడు ఆకుపచ్చ బటన్ కాకుండా దాని పక్కనున్న పురుగు బొమ్మ నొక్కు. "డీబగ్ పర్‌స్పెక్టివ్‌కు మారాలా" అని అడుగుతుంది, స్విచ్ కొట్టు. స్క్రీన్ మొత్తం మారిపోతుంది. ఇక్కడే చాలామంది టెన్షన్ పడి అన్నీ మూసేస్తారు. పై కుడి మూలన జావా బొమ్మ ఉంటుంది, అది నొక్కితే మళ్లీ పాత స్క్రీన్ వస్తుంది. ఏవైనా మూసేసి ఉంటే విండో మెనూలో పర్‌స్పెక్టివ్, రీసెట్.

ప్రోగ్రాం కిలోలు అడుగుతుంది, 1850 ఇవ్వు. బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగుతుంది. ఆ లైను ఇంకా నడవలేదు, నడవబోతోంది. కుడివైపు వేరియబుల్స్‌లో కిలోలు 1850 అని ఉంటుంది. ఎఫ్6 ఒక్కసారి నొక్కు. టన్నులు అనే వేరియబుల్‌లో ఏం పడిందో చూసి ఇక్కడ రాయి. తర్వాత ఎక్స్‌ప్రెషన్స్ ట్యాబ్‌లో "కిలోలు బై 1000" అని రాసి చూడు. పక్కనే "కిలోలు బై 1000.0" అని రాసి చూడు.

బత్తాయి_తోట
నల్లగొండ · సోమవారం రాత్రి 11.25

అన్నా!! టన్నులు 1.0 అని పడింది. 1.85 రావాలి. ఎక్స్‌ప్రెషన్స్‌లో మొదటిది 1, రెండోది 1.85. కిలోలు ఇంట్, అంటే పూర్ణాంకం, 1000 కూడా ఇంట్. ఇంట్‌ను ఇంట్‌తో భాగిస్తే ఇంటే వస్తుంది, ఆ వచ్చిన 1ని తర్వాత దశాంశాలు పట్టే డబుల్‌లో పెడితే 1.0 అయింది. టన్నులు డబుల్ కదా అని ఆ లైన్‌ను నేను అనుమానించనే లేదు. ల్యాబ్‌లో 2000, 3000 వేశాం కాబట్టి బయటపడలేదు. 850 వేస్తే సున్నా వచ్చేది!

థియరీ క్లాసులో ఈ పాఠం విన్నాను, మిడ్ ఎగ్జామ్‌లో రాశాను కూడా.

మిర్యాలగూడ_టు_మాదాపూర్
హైదరాబాద్ · సోమవారం రాత్రి 11.38

అదీ. మీ కాలేజీ పిల్లలు ఐడీఈ గురించి మాట్లాడేటప్పుడు ఏది ఫాస్టు, ఏది డార్క్ థీమ్, ఎందులో "ఎస్ఓయూటీ" కొడితే ప్రింట్ లైన్ వస్తుంది, ఇవే మాట్లాడతారు. నెట్‌బీన్స్ వాడినా, ఇంటెల్లిజే వాడినా, మేడమ్ గారు చెప్పిన బ్లూజే వాడినా డీబగ్గర్ అన్నిట్లోనూ ఉంది. బ్లూజేలో అయితే ఎడమ అంచున క్లిక్ చేస్తే స్టాప్ బోర్డు బొమ్మ పడుతుంది. ఏ ఐడీఈ అన్నది నాకు పెద్ద విషయం కాదు, ఆగి లోపల చూడటం వచ్చా లేదా అన్నదే. నోట్‌ప్యాడ్ మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే.

సెమికోలన్ తమ్ముడూ, నీకోసమే ఈ ముక్క.

సెమికోలన్_మర్చిపోయా
నకిరేకల్ · మంగళవారం ఉదయం 7.50

అన్నా, ప్రింట్ స్టేట్‌మెంట్లు పెట్టి కూడా పట్టుకోవచ్చు కదా. నేనట్లనే పట్టుకుంటా. పొద్దున్నే గొడవెందుకు గానీ, ఒక పాయింట్ నేను కూడా ఇస్తా. క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో వచ్చిన ప్రోగ్రాం కాపీ చేసి అతికిస్తే "ఇల్లీగల్ క్యారెక్టర్" అని, పక్కన యు 201సి అని వస్తుంటుంది. ఎవరో దాన్ని వర్డ్‌లో టైప్ చేసి పంపి ఉంటారు. వర్డ్ మామూలు కోట్స్‌ను వంకర కోట్స్‌గా మార్చేస్తుంది. జావాకు అవి అక్కర్లేదు. కోట్స్ చెరిపి కీబోర్డ్‌తో మళ్లీ కొట్టండి. ఇంకా మంచి ఉపాయం, ప్రోగ్రాం మొత్తం మీరే టైప్ చేయండి.

దేవరకొండ_డేటాప్యాక్
దేవరకొండ · మంగళవారం ఉదయం 8.30

ప్లేస్‌మెంట్ టెస్టుల్లో బ్రౌజర్ బాక్సులో కోడ్ రాయమంటారు, చాలా చోట్ల సజెషన్లు రావు. అప్పుడు సెమికోలన్ అన్న బ్యాచే గెలుస్తుంది. స్కానర్ ఇంపోర్ట్ ఏ ప్యాకేజ్ నుంచో గుర్తులేక ఆగిపోయినవాళ్లను చూశా. ఎక్లిప్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఓ కొట్టి ఇంపోర్ట్ లైన్లు తెప్పించుకోవడం అలవాటైపోయి.

వనపర్తి_మేడమ్
వనపర్తి · మంగళవారం మధ్యాహ్నం 1.05

ఈ సంవత్సరం ఇంకో మార్పు చూస్తున్నాను. పిల్లలు ప్రశ్నను చాట్‌జీపీటీకి ఇచ్చి వచ్చిన కోడ్ అతికిస్తున్నారు. ఎర్ర గీత వస్తే ఎక్లిప్స్ బల్బు బొమ్మ నొక్కి అది చెప్పిన మొదటి సవరణ ఒప్పుకుంటున్నారు. గీత పోతుంది. ప్రోగ్రాం వేరేది అయిపోతుంది. "ఎర్రర్స్ ఉన్నాయి, ముందుకు వెళ్లాలా" అని ఎక్లిప్స్ అడిగితే ప్రొసీడ్ కొట్టి, "అన్‌రిజాల్వ్డ్ కంపైలేషన్ ప్రాబ్లమ్" అని కన్సోల్‌లో వచ్చాక నా దగ్గరికి వస్తారు. మొదటి ఎర్రర్ మెసేజ్‌ను పైకి చదవమంటాను. చదివితే సగం మందికి అక్కడే అర్థమవుతుంది. ఇంగ్లిష్ అని భయపడి చదవట్లేదు, అంతే.

బత్తాయి_తోట
నల్లగొండ · మంగళవారం రాత్రి 8.40

విండో వచ్చింది! నాన్నకు తెలుగులో కనపడాలని లేబుల్స్ తెలుగులో పెట్టా, విండోలో చక్కగా వచ్చాయి. కన్సోల్‌లో ప్రింట్ చేస్తే మాత్రం అన్నీ ప్రశ్నార్థకాలు. ఒకే అక్షరాలు, ఒకచోట వస్తాయి, ఇంకోచోట రావు?

పాలమూరు_కంపైలర్
మహబూబ్‌నగర్ · మంగళవారం రాత్రి 9.12

విండోలో జావా తనే ఫాంట్‌తో గీస్తుంది. విండోస్‌లో నిర్మలా యూఐ లాంటి తెలుగు ఫాంట్ ఉంటుంది కాబట్టి ఒత్తులతో సహా వస్తుంది. కన్సోల్‌కు పంపేది బైట్లు. అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని ఎన్‌కోడింగ్ అంటారు. ఏ ఎన్‌కోడింగ్‌లో పంపావో, అటువైపు అదే ఎన్‌కోడింగ్‌లో చదవాలి. రన్ కాన్ఫిగరేషన్స్‌లో కామన్ ట్యాబ్‌కు వెళ్లి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 పెట్టు. ఫైల్ కూడా యూటీఎఫ్ 8లోనే సేవ్ అయి ఉండాలి. జావా 18 నుంచి ఫైళ్లకు యూటీఎఫ్ 8 మామూలు అయింది, నీది 17 కాబట్టి కమాండ్ ప్రాంప్ట్‌లో కంపైల్ చేసేటప్పుడు "మైనస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8" అని ఇవ్వాలి.

ఇంకో తమాషా. జావాలో వేరియబుల్ పేర్లు కూడా తెలుగులో పెట్టొచ్చు. "ఇంట్ కిలోలు" అని తెలుగు లిపిలోనే రాసి చూడు, కంపైల్ అవుతుంది. ల్యాబ్ రికార్డులో మాత్రం వద్దు.

గద్వాల_స్వింగ్
గద్వాల · మంగళవారం రాత్రి 9.45

విండో అయిపోతే నాన్నగారి సిస్టమ్‌లో ఎక్లిప్స్ వేయక్కర్లేదు చెల్లీ. ప్రాజెక్ట్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్, జావాలో "రన్నబుల్ జార్ ఫైల్". లాంచ్ కాన్ఫిగరేషన్ అడిగిన చోట నీ మెయిన్ క్లాస్ ఎంచుకో. వచ్చిన జార్ మీద డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, ఆ సిస్టమ్‌లో జావా 17 ఉంటే చాలు. రేట్ల ఫైల్ జార్ పక్కనే పెట్టు. డబుల్ క్లిక్ చేసినా ఏమీ రాకపోతే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "జావా మైనస్ జార్", ఆ తర్వాత ఫైల్ పేరు కొట్టు. ఏం ఎర్రరో అక్కడ కనపడుతుంది, ఇక్కడ పెట్టు.